మందస కొండ గుహలో కూర్మారావు మాట్లాడిన రోజు

మాఘమాసంలో రైలు పలాస దాటాక కిటికీ తీసి ఉంచితే జీడిపూత వాసన పెట్టెలోకి వస్తుందని మా ఆఫీసులో ఒక పెద్దాయన అన్నారు. నా ప్రయాణానికి ఆ మాటే కారణం. అరవైల చివరి రోజులవి. విశాఖపట్నంలో గుమాస్తాగా చేరి నాకు ఏడాది కూడా నిండలేదు. మాది కృష్ణా జిల్లా. విశాఖలో తెలిసినవాళ్లంటూ ఎవరూ లేరు. ఆఫీసు వదిలాక ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడకుండానే నిద్రపోయిన రోజులు చాలా ఉన్నాయి. పాత సామాన్ల బజారులో మిలటరీ వాళ్ల కాన్వాసు సంచి ఒకటి కనబడితే కొనుక్కున్నాను, వీపుకు తగిలించుకునే రకం. అందులో దుప్పటి, రెండు జతల బట్టలు, టార్చిలైటు, గ్లాసు పడేసుకుని, సెలవు పెట్టి శ్రీకాకుళం జిల్లాలో తోటల సీమ ఉద్దానం చూడ్డానికి బయల్దేరాను. ఎక్కడ ఉండాలో, ఏం చూడాలో ఏమీ అనుకోలేదు. అటు వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తున్నాను. ఇప్పుడు రోడ్లు మారాయి, బస్సులు పెరిగాయి. కొండలు, పూత, సముద్రం మాత్రం అక్కడే ఉన్నాయి.

విశాఖలో తెల్లవారుజామున బస్సెక్కితే టెక్కలి చేరేసరికి ఎండ ముదిరింది. కాశీబుగ్గ వెళ్లాలంటే అక్కడ బస్సు మారాలి. బస్టాండు ఎదురుగా ఉన్న పాక హోటల్లో ఇడ్లీ తింటుంటే పక్క బల్ల మీది మనిషి నా సంచీని చాలాసేపు చూసి, "ఏటి బాబూ, మిలట్రీలో సేత్తన్నారా?" అని అడిగాడు. కాదు, ఊరికే తిరగడానికి వచ్చానన్నాను. ఆ జవాబు ఆయనకు నమ్మకం కలిగించలేదు. ఊరికే తిరగడానికి డబ్బు పెట్టి ఇంతదూరం ఎవరొస్తారని, అసలు సంగతి తెలుసుకుందామన్నట్టు తన టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పేరు నీలాచలం. కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే బట్టీలో పని. ముప్పై ఏళ్లుంటాయి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అతని వెంట ఇద్దరున్నారు: మేనమామ కొడుకు కూర్మారావు, అతని భార్య సుభద్ర. కూర్మారావుది జలంత్రకోట, కొబ్బరి, జీడి తోటలు. టెక్కలిలో ఉన్న అక్కగారింటికి కొత్త దంపతులు చుట్టపుచూపుగా వచ్చి తిరిగి వెళ్తున్నారు. నీలాచలం వాళ్లకు తోడు.

బస్సులో సుభద్ర ముందు ఆడవాళ్ల సీటులో కూర్చుంది. కూర్మారావు ఆమె వెనక వరసలో కూర్చుని, చేతిలోని గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని, ఆమె జడ వంకే చూస్తూ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఎడమవైపు కొండలు ఎండ మసకలోంచి ఒక్కొక్కటే లేచి, మళ్లీ ఆ మసకలోకి పోతున్నాయి. కుడివైపు ఎక్కడో సముద్రం ఉందని గాలి చెబుతోంది. నీలాచలం నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి వాళ్ల సంగతి చెప్పాడు. కార్తీకంలో పెళ్లయిందట. సుభద్ర పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల డొంకూరు. తల్లిది ఒడియా, తండ్రిది తెలుగు, ఇంట్లో రెండూ కలిపి మాట్లాడుకుంటారు. అత్తవారింటికి వచ్చిన కొత్తలో ఒకనాడు ఆమె కొబ్బరికాయను 'నొడియా' అంది. కొబ్బరి చెట్ల మధ్య ఉన్న ఇంటికి కొబ్బరికాయ పేరు తెలియని కోడలు వచ్చిందని ఇంటిల్లిపాదీ నవ్వారు. ఇరుగుపొరుగుకు చెప్పి మళ్లీ నవ్వారు. ఆనాటి నుంచి ఆమె ఊ అనడం, తల ఊపడం తప్ప నోరు విప్పలేదు. కూర్మారావు పుట్టుకతోనే మాట తక్కువ మనిషి. ఆఖరికి అత్తగారు, టెక్కలి నుంచి అటే వెళ్లి కోడల్ని పుట్టింట్లో దింపి రమ్మని కొడుక్కి చెప్పింది.

"ఎన్నాళ్లకో మా అత్త సెప్పనేదు, ఈడు అడగనేదు. ఆ గుంట ఏడుత్తా ఎల్తందో, నవ్వుతా ఎల్తందో ఎవరికీ తెల్దు" అన్నాడు నీలాచలం.

కాశీబుగ్గలో ఏదైనా లాడ్జిలో దిగుదామనుకున్నాను. బస్సు దిగగానే నీలాచలం నా సంచి తన భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. వెనకే వెళ్లక తప్పలేదు. వీధంతా కాల్చిన జీడిపిక్కల వాసన. కళ్లు మండేంత ఘాటుగా ఉండి, కాసేపటికి అదే కమ్మగా అనిపిస్తుంది. నీలాచలం భార్య వంకాయ, జీడిపప్పు కలిపి కూర వండింది. అరుగు మీద వెల్లకిలా పడుకుని మాట్లాడుకుంటుంటే గుహ సంగతి వచ్చింది. నీలాచలం పుట్టిన ఊరు మందస వైపు ఒక కొండ కింద. ఆ కొండలో ఒక గుహ ఉంది. లోపలికి పోయాక ఒక చీలిక, చీలిక అవతల ఇంకో గది. చిన్నప్పుడు ఒకసారి అందులో దూరి అగ్గిపుల్ల గీస్తే గోడలన్నీ మెరిశాయట. ఆ ఒక్క పుల్ల వెలుగు తప్ప ఇంకేమీ చూడలేదు. ఇచ్ఛాపురం వెళ్లే దారే కదా, ఒక్క పూట ఆగి చూసి పోదామన్నాడు. కూర్మారావు భార్య వంక చూశాడు. ఆమె వద్దని తల ఊపలేదు. ఆ ప్రయాణం ఒక పూట ఆలస్యమవుతుందంటే అతని ముఖంలో కనబడిన నెమ్మది నాకింకా గుర్తుంది.

పొద్దున్నే పక్కనే ఉన్న పలాసలో పాసింజరు ఎక్కాం. టిక్కెట్టు అర్ధ రూపాయి కూడా కాలేదు. ఇటువైపు వెళ్లేవాళ్లు ఉదయం బండే ఎక్కండి. ఎండ పడితే వాసన పలచబడుతుంది. ఊరు దాటాక మా ఆఫీసు పెద్దాయన చెప్పింది నిజమైంది. మొదట గాలిలో ఒక తీపి జీర తగిలింది. తర్వాత పెట్టెలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పట్టాలకు రెండువైపులా జీడితోటలు, కొమ్మ కొమ్మకూ చిన్న చిన్న గులాబిరంగు పూత, మధ్యమధ్య ఆకాశంలోకి కొబ్బరి చెట్లు. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో కూర్చున్నట్టుంది. సుభద్ర కిటికీ ఊచలకు చెంప ఆనించి కళ్లు మూసుకుంది. మందస రోడ్డు స్టేషనులో దిగాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగానే కష్టమనిపించింది.

స్టేషను బయట ఒక ఎడ్లబండి మాట్లాడుకున్నాం. ఎక్కడికని అడిగి, గుహకని చెబితే, బండి తోలే ముసలాయన కాసేపు ఆలోచించి, సాయంత్రం దాకా ఊళ్లో ఉంటానన్నాడు. "మీరు రాపోతే ఎవరికి సెప్పాల?" అని నీలాచలాన్ని తాపీగా అడిగాడు. పరాచికమో కాదో తెలియలేదు. కొండ కింద ఊళ్లో నీలాచలం పిన్ని మాకు అంబలి పోసి, హరికేను లాంతరులో కిరసనాయిలు నింపి ఇచ్చింది. లోపల గట్టిగా అరవొద్దనీ, గబ్బిళాలు లేస్తాయనీ చెప్పి, అన్నం ఏ వేళకు వండాలో మాత్రం నిక్కచ్చిగా అడిగింది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తామన్నాం.

గుహ నోరు దూరానికి కనబడదు. కొండ నడుమున రెండు పెద్ద బండలు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి. తుప్పలు పక్కకు నెడితే వాటి మధ్య మనిషి వంగి పోయేంత సందు. దాని ముందు నిలబడితే చల్లటి గాలి ముఖానికి తగులుతుంది, ఆగుతుంది, మళ్లీ తగులుతుంది. కొండ నిద్రలో ఊపిరి తీస్తున్నట్టే ఉంది. వంగి కొంతదూరం పోయాక నిటారుగా నిలబడొచ్చు. కింద నేల పిండిలా మెత్తగా ఉంది, అడుగుల చప్పుడు లేదు. గబ్బిళాల వాసన మొదట ముక్కు పగలగొట్టినా కాసేపటికి తెలియకుండా పోయింది. దారి కిందికి వాలుతూ, మలుపు తిరుగుతూ పోయింది. వెనక వెలుగు నాణెమంత అయింది, తర్వాత అదీ లేదు. లాంతరు పట్టుకుని నీలాచలం ముందు, తర్వాత నేను, నా వెనక సుభద్ర, చివర కూర్మారావు. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. ఆ చప్పుడు దగ్గరవుతోందో దూరమవుతోందో చెప్పలేం. బయట పగలన్న సంగతే మరిచిపోయాను. చిన్నప్పుడు జ్వరంలో మా అమ్మ మాటలు దూరం నుంచి వినబడేవి, అలాంటి హాయి ఏదో కమ్మింది.

దారి చివర పెళ్లిపందిరంత జాగా వచ్చింది. దాని అవతలి గోడలో, నడుమెత్తున, ఏటవాలుగా ఒక చీలిక. నీలాచలం చెప్పిన చీలిక అదే. లాంతరు పెట్టి చూస్తే రెండు మూరల తర్వాత అది పక్కకు వంపు తిరిగింది, ఆ వంపు అవతల ఏమీ కనబడదు. నీలాచలం తలనూ ఒక చేతినీ దూర్చి, పొట్ట దగ్గర ఆగిపోయి, చిన్నప్పుడు దూరిన మనిషి వేరని నవ్వుకుంటూ వెనక్కి వచ్చాడు. తర్వాత నేను ప్రయత్నించాను. వంపు దగ్గర భుజాలు ఇరుక్కుంటే ఇద్దరూ కాళ్లు పట్టుకుని లాగాల్సి వచ్చింది. కూర్మారావు నాకంటే వెడల్పు. ఇంతదూరం వచ్చి ఇక చేసేదేమీ లేక ముగ్గురం ఆ చీలిక వంకే చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు సుభద్ర ముందుకు వచ్చింది. పైట నడుముకు చుట్టి బిగించి దోపుకుంది. నా చేతిలో టార్చిలైటు అడక్కుండానే తీసుకుంది. కూర్మారావు ఏదో అనబోయి, "జాగర్త" అని మాత్రం అన్నాడు. ఆమె పక్కకు తిరిగి, నీళ్లలోకి జారినంత సులువుగా ఆ రాతిలోకి జారిపోయింది.

వంపు మీద టార్చి వెలుగు కాసేపు ఆడింది, తర్వాత పోయింది. కొంతసేపటికి లోపలి నుంచి, "ఓలమ్మా" అని వినిపించింది. భయపడ్డ గొంతు కాదు. నేను విన్న ఆమె మొదటి మాట అదే. నీలాచలం నా వంక చూసి నవ్వాడు. ఆ తర్వాత రాయి దొర్లిన చప్పుడు, నీళ్లు చిందిన చప్పుడు. ఆ పైన ఏమీ లేదు.

ముగ్గురం ఒక్కసారిగా కేకలు వేశాం. పిన్ని హెచ్చరిక నిజమై తల మీద గబ్బిళాలు లేచాయి. లాంతరు గుడ్డిగా కొట్టుకుంది. మా మూడు గొంతులూ గోడలకు తగిలి ముప్పై అయ్యాయి. లోపలి నుంచి ఆమె పలికింది గానీ, ఆ పలుకు ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కాళ్ల కింద నుంచి వచ్చినట్టుంది. నీలాచలం లాంతరును చీలికలోకి చెయ్యి చాచినంత మేర తోశాడు. గాజు రాయికి తగిలిందే తప్ప వెలుగు వంపు దాటలేదు. కూర్మారావు అతన్ని పక్కకు నెట్టి తనే దూరాడు. చొక్కా చిరిగింది, భుజం చెక్కుకుపోయింది, అయినా తోసుకుంటూనే ఉన్నాడు. అతను కూడా ఇరుక్కుంటే ఆమెకు బయటికి దారే ఉండదని నీలాచలం గట్టిగా వెనక్కి లాగాడు. ఊళ్లోకి పరిగెత్తి తాళ్లూ మనుషులనూ తెస్తానన్నాను నేను. తెచ్చినా ఆ సందులో ఎవరు పడతారు?

అప్పుడు లోపలి నుంచి ఆమె గొంతు స్పష్టంగా వచ్చింది. "అందరూ పిలవకండి. గోడలన్నీ పిలుత్తన్నట్టుంది, ఎటు రావాలో తెల్దు. ఒక్కరే మాటాడండి." కాసేపాగి, "ఆయన్ని మాటాడమనండి. ఆపకుండా" అంది.

కూర్మారావు చీలిక దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా వంక తిరిగి, "ఏటి మాటాడాల?" అని అడిగాడు.

"నాకేటి తెలుసు బావా? నీ పెళ్లాంతో నువ్వే మాటాడాల" అన్నాడు నీలాచలం.

కూర్మారావు రాతికి నోరు ఆనించి, "నాను... నాను కూర్మారావుని" అన్నాడు. అంత భయంలోనూ మాకు నవ్వొచ్చింది. తర్వాత అతను తన తోట గురించి మొదలుపెట్టాడు. గేటు దగ్గర నుంచి ఒక్కొక్క చెట్టూ చెప్పుకుంటూ పోయాడు. పిడుగు పడి తల కాలిపోయిన చెట్టు, తాత వేసిన చెట్టు, అన్నిటికంటే ముందు కాసే చెట్టు, వంగి పక్కవాళ్ల పొలంలో కాయలు రాల్చే చెట్టు. లోపల గులకరాళ్లు కదిలిన చప్పుడు నెమ్మదిగా, ఆగి ఆగి వస్తోంది. అతను మాట ఆపితే ఆ చప్పుడూ ఆగుతోంది. "బావి దాటితే కుడిపక్కన మూడు నొడియా సెట్లు" అన్నాడు.

లోపల చప్పుడు ఆగింది. "ఏటన్నారు?" అంది ఆమె.

"నొడియా" అన్నాడు కూర్మారావు. తర్వాత అతని గొంతు మారింది. మేమిద్దరం పక్కనున్నామన్నది మరిచిపోయాడు. "ఆ రోజు అందరూ నవ్వితే నానూ నవ్వినాను. నవ్వకుండా ఉండాల్సింది. నీతో సెబుదామని రోజూ అనుకునేవోడిని. తోటకెల్లి సెట్లకి సెప్పేవోడిని గానీ, ఇంటికొచ్చేతలికి నోరు రాదు. నువ్వు మీ ఊరెల్తే మళ్లీ రావని మా అమ్మ అంటంది. నాకూ అలగే అనిపిత్తంది. నువ్వు రాకపోతే నిన్ను ఏటీ అనలేను. కానీ..."

చీలికలోంచి మట్టి అంటిన వేళ్లు బయటికొచ్చాయి. అతను మాట అక్కడే వదిలేసి ఆ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి ఆమె మొత్తం బయటికి జారింది. మోకాలు చెక్కుకుపోయింది, పాదాలు తడిసి ఉన్నాయి, జుట్టు నిండా దుమ్ము. పిన్ని ఇచ్చి పంపిన నీళ్లు నా గ్లాసులో పోసి ఇస్తే గటగటా తాగింది. కూర్మారావు ఆ చెయ్యి వదలకుండానే కూర్చున్నాడు.

బయట ఎండలోకి వచ్చి, బండ మీద కూర్చున్నాక, లోపల ఏముందని నీలాచలం అడిగాడు. అడగాలా వద్దా అన్నట్టు మెల్లగా అడిగాడు. సుభద్ర చెప్పింది. ఒడియా, తెలుగు కలిసిపోయిన మాటల్లో, మధ్యమధ్య చేతులతో చూపిస్తూ చెప్పింది. గోడల నిండా కాకిబంగారం, లైటు వేస్తే రాత్రి ఆకాశంలా ఉందట. పైనుంచి ఏవో చెట్ల వేళ్లు తెల్లగా, దారాల్లా వేలాడుతున్నాయట. "నీళ్లు ఎంత తేటగున్నాయంటే, అక్కడ నీళ్లున్నాయనే తెల్దు. కాలెట్టీసినాను. లైటు జారి అడుగున పడింది. పడీ ఆరనేదు. నీళ్లలోనే కాసేపు ఎలిగింది. ఆ ఎలుగు పైనంతా అలలాగ కదిలింది. అది సూత్తా నిలబడిపోనాను. బయం ఆ తరవాతొచ్చింది" అంది. నీలాచలం తను చూసింది అందులో పైసా వంతు కూడా కాదన్నాడు. నా టార్చి పోయిందని ఆమె నొచ్చుకుంది. ఇంతకంటే మంచి చోట ఏ టార్చీ ఆరిపోయి ఉండదని చెప్పాను.

పిన్ని వడ్డించిన అన్నం, చేపల పులుసు తిని, మా కోసమే కాచుకున్న బండెక్కి స్టేషనుకు వచ్చాం. బండి ముసలాయన మమ్మల్ని లెక్కపెట్టుకుని ఎద్దుల్ని అదిలించాడు. సాయంత్రం పాసింజరులో ఇచ్ఛాపురం, అక్కడి నుంచి ఇంకో బండిలో, కొబ్బరి తోటల నీడల్లోంచి డొంకూరు. సుభద్ర తల్లి నన్నూ చుట్టంలాగే లోపలికి పిలిచింది. మర్నాడు పొద్దున ఇంటి వెనక ఇసుక దాటి సముద్రం దగ్గరికి వెళ్లాను. మంచులో నీరెక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. పడవలు గాలిలో తేలుతున్నట్టు వచ్చి, ఒడ్డు తగిలాక గానీ పడవలవడం లేదు. వలలు లాగేవాళ్ల పాట మాత్రం ఆగకుండా వినిపించింది.

తిరిగి వచ్చేసరికి నీలాచలం ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. కూర్మారావు కూడా చెప్పులు వేసుకుని, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముగ్గురం కలిసి వెళ్లాలి. సుభద్ర బయటికి వచ్చి తల్లితో ఒడియాలో ఏదో అంది. తల్లి అల్లుడి వంక చూసి లోపలికి వెళ్లిపోయింది. ఏమందని నీలాచలాన్ని అడిగాను. "మా బావ ఈరోజు ఎల్లడంట. నాలుగు రోజులాగి ఇద్దరూ కలిసే ఎల్తారంట" అన్నాడు. కూర్మారావుకు ఒడియా రాదు. చెప్పుల పట్టీ సర్దుకుంటూనే ఉన్నాడు. ఆమె వెళ్లి అతని ఒళ్లోంచి ఆ సంచి తీసి గోడకు ఆనించింది.

"నిన్న 'కానీ' అని ఆపేసినారు. తరవాతేటి?" అని అడిగింది.

అతను మా వంక చూశాడు. లేచి చెప్పులు విడిచి, ఇసుకలోకి దిగి సముద్రం వైపు నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది. మంచులో ఇద్దరూ పలచబడేదాకా నీలాచలమూ నేనూ అరుగు మీదే నిలబడ్డాం. అతని పెదవులు కదలడం కనబడింది గానీ, ఆ మాట మాకు వినబడలేదు.

తిరుగుబండిలో కిటికీ పక్కన కూర్చుని ఆ మాట ఏమై ఉంటుందా అని చాలాసేపు ఆలోచించాను. తెలియకపోవడమే బాగుందనిపించింది. విశాఖ చేరిన సాయంత్రం మా వాటా పక్క గదిలో ఇన్నాళ్లుగా ఉంటున్న మనిషి తలుపు కొట్టి, నేను ఫలానా అని చెప్పుకుని, పలాస జీడిపప్పు కొంచెం చేతిలో పెట్టాను. ఆ పూట ఇద్దరం కలిసి భోంచేశాం. ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన తర్వాత కూడా, నా ప్రయాణాల్లో మొదట చెప్పేది ఇదే. ఏ గుహకు వెళ్లినా ఒక్క సంగతి మరవకండి: ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవారు తోడు లేకుండా అడుగు పెట్టకండి, మనిషికొక టార్చి పట్టుకెళ్లండి, దానికి తాడు కట్టి మణికట్టుకు ముడేసుకోండి.